పరిభాషలో పదముల నిడివి, ప్రయోగబాహుళ్యము

1

అనకాపల్లిలోని చెరకు పరిశోధన స్థానము 1913లో ఏర్పడినది. అక్కడ పుట్టిన చెరకు రకములలో ఒకదాని పేరు 87 ఏ 298. ఈ పేరును కల్పించిన విధము తేటతెల్లమే. మొదటి రెండంకెలు సంవత్సరమును, నడిమి అక్షరము అనకాపల్లిని, కడపటి మూడంకెలు వరుససంఖ్యను తెలుపుచున్నవి. వ్రాతలో ఇది ఆరు గుర్తులు మాత్రమే. పట్టికలో చేర్చుటకు ఇంతకంటె పొదుపైన పేరు దొరకుట కష్టము. కాని దీనినే తెలుగున నోరార పలికినచో 'ఎనభై ఏడు ఏ రెండువందల తొంభై ఎనిమిది' యని పదునేడక్షరములగును. ఈ రకమునకే 'విశ్వామిత్ర' అను మరియొక పేరు కలదు. దానికి నాలుగే అక్షరములు. మొదటి పేరు కంటికి పొట్టి, నోటికి పొడవు. రెండవది నోటికి పొట్టి, కాని పుట్టిన ఏటిని గాని చోటును గాని చెప్పజాలదు.

ఈ రెండు పేర్లును బుద్ధిపూర్వకముగ కల్పింపబడినవే. చెరకు తోటలలో తమంతట పుట్టి పెరిగిన మాటల తీరు వేరు. నాటుటకు కోసిన చెరకు ముక్క 'ముచ్చె'. మొదటినుండి చీలివచ్చు మొలక 'పిలక'. నరికిన మోళ్లనుండి తిరిగి పెరిగిన పంట 'కార్శి'. గడలు పడిపోకుండ ఆకులతో చుట్టి కట్టునది 'జడ'. దినదినమును పొలములో పలుకవలసిన ఈ మాటలు రెండు మూడక్షరములకు మించలేదు. వీనికి ఇంత నిడివి యుండవలెనని ఏ సంఘమును తీర్మానింపలేదు. వాడుకయే వీనిని అరగదీసినది, లేదా పొట్టివానినే ఏరుకొన్నది.

వాడుక చేయవలసిన ఈ పనిని, వాడుక పుట్టకముందే చేయవలసివచ్చినవాడు పరిభాషాకర్త. అతడు పేరు పెట్టునాటికి ఆ పేరును పలికినవాడు లేడు. అయినను దాని నిడివిని అతడు నిర్ణయింపకతప్పదు. ఏ ప్రమాణముతో నిర్ణయింపవలెను? ఈ ప్రశ్నను మన వ్యాకరణ పరిభాషను ముందుంచుకొని విచారించుటయు, నేటి శాస్త్రపరిభాషకు దానివలన కలుగు పాఠమును గ్రహించుటయు ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2

తరచుగ వాడబడు మాట పొట్టిగ నుండునను విషయమును సూత్రీకరించినవాడు అమెరికా పండితుడు జార్జి కింగ్స్‌లీ జిఫ్. 1935లో ప్రకటించిన గ్రంథమున అతడు పదముల నిడివికిని, అవి వచ్చు పర్యాయములకును గల విలోమసంబంధమును చూపెను. అతనికి ఆధారమైన లెక్కలలో జర్మన్ భాషను గూర్చి కేడింగ్ చేయించిన పెద్ద లెక్క యొకటి. దాదాపు ఒక కోటి తొమ్మిది లక్షల పదములను గణించిన ఆ శ్రమ సంక్షిప్తలేఖనము కొరకు చేయబడినదని గుర్తింపదగును. ఏ మాట తరచుగ వచ్చునో తెలిసినగాని దేనికి చిన్న గీత నీయవలెనో తెలియదు గదా.

తెలుగున ఈ ధర్మమునకు ఉదాహరణములు వెదకనక్కరలేదు. 'వచ్చినాడు' వచ్చాడైనది, 'ఉన్నది' ఉందైనది, 'చేయుచున్నాడు' చేస్తున్నాడైనది. క్రియారూపములు వాక్యవాక్యమున వచ్చునవి గనుక అరిగినవి. పూర్వరూపములను గ్రంథములలో నిలుపుకొన్నవారును ఇంట నీ పొట్టి రూపములనే పలికిరి.

కృతకభాషలను కల్పించినవారు ఈ ధర్మమును ఎట్లు పాటించిరో చూచిన యెడల మూడు మార్గములు కనబడును.

మొదటిది వర్గీకరణ మార్గము. ఇంగ్లండులో జాన్ విల్కిన్సు 1668లో ప్రకటించిన భాషలో మాటయే వస్తువు యొక్క జాతిని చెప్పును. 'దె' యనగా భూతము. 'దెబ్' అనగా భూతములలో మొదటిదైన అగ్ని. 'దెబా' యనగా ఆ అగ్నిలో భాగమైన జ్వాల. ఇచట మాట నిడివి వర్గవృక్షములో వస్తువున్న లోతును బట్టి పెరుగును. ఇంటింట పలుకబడు వస్తువు వృక్షపు చివరి కొమ్మపై నున్నచో దాని పేరు పొడవు కాక తప్పదు.

రెండవది వ్యుత్పత్తి మార్గము. జామెన్‌హోఫ్ 1887లో ప్రకటించిన ఎస్పెరాంతోలో వ్యతిరేకార్థమునకు 'మల్' అను ఉపసర్గ కలదు. 'బోనా' మంచి, 'మల్‌బోనా' చెడు. 'యూనా' పడుచు, 'మల్‌యూనా' ముసలి. నేర్చుకొనువాడు సగము మాటలను కంఠస్థము చేసినచో తక్కిన సగము ఉచితముగ లభించును. కాని చెడు, ముసలి, చల్లన, చిన్న యనునవి ఏ భాషలోనైనను నిత్యము వచ్చు మాటలు. వానికన్నిటికి ఒక అక్షరము బరువెక్కినది. ఆ భాషలో కవిత్వము చెప్పినవారు కొందరు 'ఓల్డా' వంటి పొట్టి మాటలను వేరుగ తెచ్చుకొనుటకు ఇదియే కారణము. కర్త యిచ్చిన నిడివిని ప్రయోక్తలు అంగీకరింపలేదన్నమాట. అయితే 'మరియు' అను అర్థమున 'కయ్', సర్వనామములుగ 'మి', 'వి', 'లి' వంటివి పొట్టివిగనే యుండుటవలన జిఫ్ చెప్పిన ధర్మము ఆ భాషలో పూర్తిగ భంగపడలేదు.

మూడవది సమానతా మార్గము. 1955లో ఆరంభమైన లోగ్లాన్ యొక్క సంతతియగు లోజ్‌బాన్‌లో మూలధాతువులన్నియు అయిదేసి లిపివర్ణములతో నుండును. నిత్యము పలుకు మాటకును అరుదుగ పలుకు మాటకును ఒకే కొలత. అయినను ఆ భాషాకర్తలే సమాసములకొరకు ఆ ధాతువులకు మూడేసి వర్ణముల పొట్టి రూపములను కల్పించి, ఏది తరచుగ సమాసమున చేరునో చూచి పంచవలసివచ్చెను. ఎదుటి ద్వారమున రానీయని వాడుక దొడ్డిదారిన ప్రవేశించినది.

మన పిల్లలు ప్రతి అక్షరమునకు ముందు 'క' చేర్చి మాట్లాడు క-భాషయు ఒక కృతకభాషయే. అందు ప్రతి మాటకును అక్షరముల సంఖ్య రెట్టింపగును. కాని పొట్టిమాట రెట్టింపైనను పొడుగుమాటకంటె పొట్టిగనే యుండును. కనుక తల్లిభాషలోని నిష్పత్తి చెడదు. ఉన్న భాషపై కట్టిన కృతకభాషకు వాడుక యొక్క తూకము వారసత్వముగ వచ్చును. పునాదినుండి కట్టినదానికి కర్తయే ఆ తూకమును తేవలెను.

3

ఈ మూడు మార్గములకును భిన్నముగ, ప్రయోగబాహుళ్యమును ముందే గణించి పేరు పెట్టిన పరిభాష మన దేశమున కలదు. అది పాణిని అష్టాధ్యాయి. సూత్రములో అరమాత్ర తగ్గినను వైయాకరణులకు కొడుకు పుట్టినంత పండుగ యను నానుడి పండితులలో ప్రసిద్ధము. ఈ నానుడిని హాస్యముగ చెప్పి విడుచుట పరిపాటి. మేము దీనిని పరిభాషానిర్మాణ సిద్ధాంతముగ గ్రహింతుము.

అచ్చులన్నిటికి 'అచ్', హల్లులన్నిటికి 'హల్' అను ప్రత్యాహారములు ఏకాక్షరములు. అవి ఎన్ని సూత్రములలో వచ్చునో చదివినవారికి తెలియును. పదములోని చివరి అచ్చు మొదలుకొని మిగిలిన భాగమునకు 'టి' యని పేరు. ఈ సంజ్ఞ మొదటి అధ్యాయమున నిర్వచింపబడి, మూడవ, ఆరవ, ఎనిమిదవ అధ్యాయములలో కార్యమునకు వచ్చుచున్నది. 'ఘు', 'ఘ', 'ఘి', 'భ' యనునవియు ఇట్టివే. వీనికి లోకమున అర్థము లేదు. విద్యార్థి వీనిని కేవలము గుర్తుంచుకొనవలెను. ఆ భారమునకు ప్రతిఫలము, సంజ్ఞ వచ్చిన ప్రతిచోట మిగులు మాత్రలు. ఒక్కసారి వచ్చు సంజ్ఞకు ఈ బేరము నష్టము. పలుమారులు వచ్చుదానికి లాభము.

మరి 'సర్వనామము', 'కర్మప్రవచనీయము' వంటి దీర్ఘసంజ్ఞల మాటయేమి? ఈ ప్రశ్న పతంజలికే తోచినది. సర్వనామసంజ్ఞను గూర్చి చెప్పుచు అతడు, సంజ్ఞ చేయుట లాఘవము కొరకే గనుక పెద్ద సంజ్ఞను చేసినప్పుడు దానికి వేరు ప్రయోజనముండవలెనని వాదించి, అది అన్వర్థమని, అనగా తన అర్థమును తానే చెప్పుననియు సమాధానపరచెను. ఈ భాష్యభావము మిక్కిలి విలువైనది. పొట్టితనమునకు కారణము చెప్పనక్కరలేదు; పొడవునకు మాత్రము కారణము చూపవలెను. నేటి పరిభాషాకర్తలలో ఈ బాధ్యతను గుర్తించినవారు అరుదు.

పాణినికి పొట్టిపేరు కాక మరియొక సాధనము కలదు. అది అనువృత్తి. ఆరవ అధ్యాయము నాలుగవ పాదమున 'భ'సంజ్ఞను అధికారముగ ఒకసారి చెప్పగా, అది ఆ పాదము చివరవరకు నడచును. అనగా ఉచ్చరించిన పర్యాయములు వేరు, ఉపయోగించిన పర్యాయములు వేరు. నిడివిని నిర్ణయించునది మొదటిదే. కర్మప్రవచనీయసంజ్ఞయు ఒకచోట అధికారముగ నిలిచి పెక్కు సూత్రములను పాలించుటచే, ఏడక్షరములదైనను భారము కాలేదు.

అష్టాధ్యాయి యంతయు ఈ సిద్ధాంతమునకు లొంగునని మేము చెప్పబోము. 'సార్వధాతుకము', 'ఆర్ధధాతుకము', 'సర్వనామస్థానము' పొడుగైనవి. కార్యములలో తరచుగ వచ్చునవి. ఇవి పూర్వాచార్యుల సంజ్ఞలని పలువురి అభిప్రాయము. అది నిజమైనచో ఇందొక మానవస్వభావము కనబడుచున్నది. ఎంతటి లాఘవప్రియుడైనను శిష్యులు అప్పటికే నేర్చియున్న పేరును మార్చుటకు జంకును. అలవాటైన దీర్ఘనామము క్రొత్త హ్రస్వనామము కంటె తేలిక కావచ్చును.

ఛందశ్శాస్త్రమున ఈ లాభము మరింత స్పష్టము. ఉత్పలమాల పాదములోని ఇరువది యక్షరముల నడకను 'భరనభభరవ' యని ఏడక్షరములు చెప్పుచున్నవి. రెండక్షరముల లగమునకు 'వ' యనియు, గలమునకు 'హ' యనియు ఒక్కొక్క అక్షరమే పేరు. నాలుగక్షరముల నల, నగ, సల గణములకు మాత్రము రెండేసి యక్షరములు. పద్యమును గణవిభజన చేయు విద్యార్థి పాదపాదమునకు పలుకవలసిన పేర్లివి. శతాబ్దములుగ ఇవి మారకుండుటకు వాని పొట్టితనమే ముఖ్యకారణమని మా యభిప్రాయము.

4

ఇక తెలుగు వ్యాకరణమునకు వత్తము. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము పది పరిచ్ఛేదముల గ్రంథము. అందలి పరిభాష ఈనాటికిని మన తరగతులలో జీవించియున్నది. దాని లాఘవమును పండితులు కీర్తించిరి. దాని భాషాదర్శమును గిడుగు రామమూర్తి మొదలగువారు విమర్శించిరి. పరిభాషలోని నిడివిని ప్రయోగముతో తూచి చూచుట మరియొక విమర్శమార్గము.

సూరి సంజ్ఞలలో కొన్ని ఈ పరీక్షకు చక్కగ నిలుచును. 'పరుషములు', 'సరళములు', 'ద్రుతము', 'కళలు', 'త్రికము' — ఇవి చిన్నవి, అర్థస్ఫురణ కలవి, సంధిపరిచ్ఛేదమున అడుగడుగున వచ్చునవి. ఏకాక్షరసంజ్ఞల జోలికి పోకయే ఇంత పొదుపును సాధించుట సామాన్యము కాదు. 'బాల' శబ్దమును శిరమున దాల్చిన గ్రంథమునకు ఇది తగిన సంయమము.

కాని 'కళ'కు ప్రతిద్వంద్వియైన 'ద్రుతప్రకృతికము'ను చూడుడు. రెండక్షరముల పేరునకు ఎదుట ఏడక్షరముల పేరు. రెండును ఒకే విభాగములోని రెండు సగములు. కళలను గూర్చి చెప్పినచోట ద్రుతప్రకృతికముల ప్రసక్తి తప్పదు. ఇచట పొడవునకు కారణము పతంజలి చెప్పిన అన్వర్థతయే: ద్రుతము ప్రకృతిగా గలది యని పేరే చెప్పుచున్నది. అట్లయినచో 'కళ' ఎందుకు అన్వర్థము కాలేదు? జంటలో ఒకదానికి లాఘవమును, రెండవదానికి అన్వర్థతను పంచియిచ్చుటచే విద్యార్థికి ఒకదాని అర్థము తెలియదు, రెండవది నోట తిరుగదు. పాఠశాలలు దీనిని తమ పద్ధతిని సవరించుకొన్నవి. 'ద్రుతప్రకృతిక సంధి'కి మారుగ 'సరళాదేశ సంధి' యను పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. అక్షరముల లెక్కలో ఎనిమిదికి ఏడు, పొదుపు స్వల్పమే. కాని క్రొత్త పేరు జరిగిన కార్యమును చెప్పుచున్నది. కావున నిడివి యొక్కటే పేరు విధిని నిర్ణయించునని భావింపరాదు.

దీనికి విపరీతమైన ఉదాహరణము అసమాపకక్రియల పేర్లు. 'క్త్వార్థకము' నాలుగక్షరములు, 'శత్రర్థకము' అయిదు. సంస్కృత ప్రత్యయములైన క్త్వా, శతృలను ఎరిగిన శిష్యునికి ఇవి పొట్టివి మాత్రమే కాక అర్థవంతములును. ఎరుగని శిష్యునికి 'టి', 'ఘు'ల వలె కేవలసంకేతములు. నేటి పాఠ్యపుస్తకములు జాలిగొని మొదటిదానిని 'భూతకాలిక అసమాపక క్రియ' యనియు, రెండవదానిని 'వర్తమానకాలిక అసమాపక క్రియ' యనియు వివరించినవి. ఇపుడు అర్థము తెలిసినది. కాని మొదటిది పన్నెండక్షరములు, రెండవది పదునాలుగు. ఫలితమేమనగా ఉపాధ్యాయుడు ఒకసారి దీర్ఘనామముతో వివరించి, తరువాత పాఠమంతయు 'క్త్వార్థకము' అనియే నడుపుచున్నాడు. తెలియకయే అతడు సరియైన పద్ధతిని కనుగొన్నాడు. పొడుగుపేరు పరిచయమునకు, పొట్టిపేరు సంసారమునకు!

'గసడదవాదేశము' అను పేరు ఇంకను రుచిరమైనది. ఆదేశముగ వచ్చు అయిదు వర్ణములను వరుసగ చదివినదే పేరు. అది సంకేతమును, నిర్వచనమును, లక్షణస్మారకమును ఒక్కటిగ నైనది. పేరు గుర్తున్నచో సూత్రములో సగము గుర్తున్నట్లే. నిడివిని ఖర్చు చేసినను ఆ ఖర్చు వ్యర్థము కాలేదు. పొడుగుపేరు చూపవలసిన కారణమనగా ఇట్టిది.

5

ఈ విచారమంతయు వ్యాకరణముతో ముగిసినచో ప్రయోజనము స్వల్పము. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడినది మొదలు ఉన్నతవిద్యకు తెలుగు పుస్తకములు, పారిభాషిక పదకోశములు వెలువడినవి. ఆ కృషి ఘనమైనది. అందు పుట్టిన, స్థిరపడిన మాటలతో లక్షలమంది చదువుకొనిరి. అయినను పదకోశమను సాధనములోనే ఒక లోపము పొంచియున్నది. అకారాదిక్రమమున పేర్చిన కోశములో ప్రతి మాటకును ఒకే పంక్తి. జీవితమున ఒకసారి వచ్చు మాటయు, ఒక పాఠములో నూరుసార్లు వచ్చు మాటయు అచట సమానస్థాయిలో నుండును. కోశమును కూర్చువాని కన్నులకు ప్రయోగబాహుళ్యము కనబడదు. కనుక అతడు సహజముగ అన్వర్థతనే కోరును, లాఘవమును మరచును.

'కిరణజన్యసంయోగక్రియ'ను తీసికొందము. అన్వర్థతలో దీనికి వంక పెట్టలేము. కిరణములవలన పుట్టు సంయోగమును తెలుపు క్రియ యని విడదీసి చెప్పినచో బాలునికిని తెలియును. కాని దీనికి పదియక్షరములు. ఇదే పాఠములో దీని ప్రక్కన వచ్చు 'పత్రహరితము', 'బాష్పోత్సేకము' ఆరింటికి అయిదింటికి మించలేదు, 'కణము'నకు మూడే. పాఠమంతటికిని ఏ మాట కేంద్రమో, ఏది అన్నిటికంటె ఎక్కువగ వచ్చునో, దానికే అన్నిటికంటె పొడుగుపేరు పడినది. విల్కిన్సు భాషలోని జ్వాలకు పట్టిన గతి దీనికిని పట్టినది. పుస్తకము వ్రాసినవాడు రెండవ వాక్యముననే 'ఈ ప్రక్రియ' యని తప్పుకొనును. అది పాణినీయమైన అనువృత్తి కాదు, మొగమాటము. తరగతిలోని విద్యార్థి అయిదారక్షరముల ఇంగ్లీషు మాటను ఆశ్రయించును. ఆపై తెలుగు శాస్త్రమునకు చాలదని నమ్మును. ఇచట చాలనిది తెలుగు కాదు, ఒక పేరు పెట్టిన తీరు. ఒక భాషపై విశ్వాసము సడలుటకు పది యక్షరములు చాలును. ఈ సంగతి చిన్నదని ఉపేక్షించుటకు వీలులేదు.

అయితే ఏకాక్షరసంజ్ఞలను కల్పింపవలెనా? వలదు. అష్టాధ్యాయి కంఠస్థము చేయు శిష్యుల కొరకు కట్టబడినది. నేటి విద్యార్థి అనేకశాస్త్రములను ఒకేయేట చదువువాడు. ఆద్యక్షరములను అతికించి పేర్లు చేయుటయు మేలు కాదు. 87 ఏ 298 వంటి పేరు పట్టికకు మేలు చేసి నోటికి కీడు చేసినట్లే, అవి కంటికి సాయపడి అర్థమును మరుగుపరచును. మన సంప్రదాయమున నామైకదేశన్యాయమను నడిమి త్రోవ యున్నది. దేవదత్తుని దత్తుడనియు, సత్యభామను భామ యనియు పలుకుటను మహాభాష్యము ఉదాహరించినది. సమాసములో ఒక భాగము నిలిచి సమస్తమును బోధించును. పూర్తిపేరు తెలిసినవానికి భాగము చాలును.

కావున మా సూచన యిది. పరిభాషాకర్త తరచుగ వచ్చు ప్రతి భావమునకును రెండు రూపముల నీయవలెను: నిర్వచనస్థానమున అన్వర్థమైన పూర్తిపేరు, పాఠమున నడచుటకు దాని ఏకదేశమైన పొట్టిపేరు. కిరణజన్యసంయోగక్రియను ఒకసారి చెప్పిన పిమ్మట 'కిరణక్రియ' యన్నచో అయిదక్షరములతో పోవును; అర్థమును చెడదు. ఏ భావము తరచుగ వచ్చునో తెలియుటకు పదకోశమునకు ముందు పాఠమును వ్రాసి, అందలి మాటలను లెక్కించవలెను. కేడింగ్ సంక్షిప్తలేఖనము కొరకు చేయించిన పని, జిఫ్ సిద్ధాంతమునకు ఆధారమైన పని, మన పాఠ్యపుస్తకముల కొరకు ఇప్పుడు యంత్రసహాయమున సులభముగ చేయదగినది. ఒక్కొక్క శాస్త్రపు పాఠ్యపుస్తకమును ఒక్కొక్క పరిశోధకవిద్యార్థి చేపట్టినను ఎంతో మేలు కలుగును.

లెక్కతో పాటు వినికిడియు కావలెను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయపదములను రైతుల నోటనుండి సేకరించినది. అట్టి కోశములలోని మాటలు వాడుక అనే జల్లెడలో ఇదివరకే పడినవి. శాస్త్రభావమునకు సరిపోవు జానపదము దొరకినచోట క్రొత్త సమాసమును కట్టుట వ్యర్థశ్రమ. కార్శి యను రెండక్షరముల మాట యుండగా 'పునరంకురిత సస్యము' అనుటవలన శాస్త్రగౌరవము పెరుగదు.

పురాణకథలో విశ్వామిత్రుడు సృష్టికి ప్రతిసృష్టి చేసెను. పరిభాషాకర్త చేయు పనియు అట్టిదే. అతని సృష్టి త్రిశంకుస్వర్గము వలె నడుమ వ్రేలాడక నేలపై నిలువవలెనన్నచో, పేరు పెట్టుటకు ముందు దానిని రోజునకు ఎన్నిసార్లు ఎవరు పలుకవలసియుండునో అతడు ఒక్క క్షణము ఆలోచింపవలెను. అనకాపల్లి చెరకునకు పట్టికలో ఒక పేరు, పొలములో ఒక పేరు ఉన్నవి. మన శాస్త్రభావములకు పట్టికలోని పేర్లు సమకూరినవి. పొలములోని పేర్లు ఇంకను సమకూర్చవలసియున్నది.